పెట్టె మూసింది మొదలు తీగ మోగేదాకా: ఒక కోఆ టెనార్ యుకులేలే చివరి పది వారాలు

చేతితో చేయించుకునే యుకులేలే (గిటారును పోలిన చిన్న నాలుగు తీగల వాయిద్యం) విషయంలో ఆర్డరు ఇచ్చినవారికి అన్నిటికన్నా ఆశ పుట్టించే ఫొటో ఒకటుంటుంది. పై చెక్క, వెనక చెక్క, పక్క చెక్కలు అతుక్కుని, మెడ బిగిసి, వాయిద్యం పూర్తి ఆకారంలో బల్ల మీద కనిపించే ఫొటో. అది వెళ్ళిన రోజే అడుగుతారు: "ఇంక అయిపోయినట్టేనా అండీ? వచ్చే వారం పంపేస్తారా?" చూసేవారికి అలాగే అనిపిస్తుంది మరి. అక్కడి నుంచి చేతి పని 30 గంటలకు మించి ఉండదు. కానీ క్యాలెండరులో ఎనిమిది వారాలు పడుతుంది. ఈ కేసులో పది పట్టింది.

ఆ పది వారాల్లో ఏ రోజు ఏం జరిగింది, అనుకున్న గడువు ఎక్కడ జారింది, ఎందుకు జారింది అన్నది ఇక్కడ రాస్తున్నాం. యుకులేలేలు చేసేవారికీ, చేయించుకుని ఎదురుచూస్తున్నవారికీ ఇద్దరికీ పనికొస్తుంది. చివరి దశలో గడువును నిర్ణయించేది మన చేతి వేగం కాదు. చెక్కలో చెమ్మ, పైపూతగా కొట్టే లక్కర్ ఆరే తీరు, జిగురు పట్టు, తీగల సాగుడు, ఈ నాలుగూ నిర్ణయిస్తాయి. వీటిలో దేన్ని తొందరపెట్టినా ఆ తప్పు వాయిద్యం చేతికి అందిన నాలుగైదు నెలలకు బయటపడుతుంది.

వాయిద్యం కొలతలు

టెనార్ సైజు. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 432 మిల్లీమీటర్లు, అంటే 17 అంగుళాలు. పెట్టె మొత్తం హవాయి కోఆ చెక్క: పై చెక్క 1.9 మి.మీ., వెనక చెక్క 1.9, పక్కలు 1.8. లోపల బలం కోసం అతికించే సన్న పట్టీలు, అంటే బ్రేసులు, స్ప్రూస్ చెక్క. మెడ మహాగని, దాని మధ్యలో నిలువునా ఒక కార్బన్ కడ్డీ. మెడ మీద వేళ్ళు నొక్కే ఫ్రెట్ బోర్డు, పై చెక్క మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి రెండూ ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన వైపు ఇరుగుడు అనే చెక్క. 19 ఫ్రెట్లు (వీణ మెట్ల లాంటి లోహపు కమ్మీలు), మెడ పెట్టెను కలిసే చోటు 14వ ఫ్రెట్. తీగలు తల వైపు ఆనే నట్, బ్రిడ్జి మీద ఆనే శాడిల్ ఎముకతో చేసినవి. నట్ వెడల్పు 36 మి.మీ. పైపూత నైట్రో సెల్యులోజ్ లక్కర్.

చేసింది హవాయిలోని ఒవాహు దీవిలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాపులో. వెళ్ళవలసింది హైదరాబాద్‌కు. ఈ కేసులో సగం నిర్ణయాలకు కారణం ఈ రెండో మాటే.

ఎక్కడ పుట్టింది, ఎక్కడ బతకాలి

1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి వలస కూలీలతో హొనొలులు చేరింది. అందులో వచ్చిన మాన్యుయెల్ నూనెస్, అగస్తో దియాస్, జోసే దో ఎస్పిరితో శాంతో అనే ముగ్గురు వడ్రంగులు తమ ఊరి నాలుగు తీగల మషేట్‌ను అక్కడి చెక్కతో చేయడం మొదలుపెట్టారు. యుకులేలే అలా పుట్టింది. వాళ్ళ చేతికి దొరికిన కోఆ హవాయి దీవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు, మన తుమ్మకు దూరపు చుట్టం. అక్కడి చెక్కతో చేసి, అక్కడి గాలిలోనే వాయించేవారు కాబట్టి చెక్క ఎండి పగులుతుందేమోనన్న బెంగ వాళ్ళకు అంతగా లేదు.

మన వాయిద్యానికి ఆ వీలు లేదు. ఒవాహులో బయటి గాలి తేమ చాలా రోజులు 65 శాతం దగ్గర ఉంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 30 దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. అదే ఊళ్ళో వానాకాలంలో 70 దాటుతుంది.

దీన్ని చెక్క మీద లెక్క కట్టి చూడాలి. 65 శాతం గాలిలో ఉన్న చెక్క తన బరువులో 12 శాతం దాకా నీటిని పట్టి ఉంచుకుంటుంది. 30 శాతం గాలిలో 6 దగ్గరికి పడిపోతుంది. కోఆ ఒక్కో శాతం చెమ్మ పోయినప్పుడు అడ్డంగా సుమారు 0.2 శాతం కుంచించుకుపోతుంది. వెనక చెక్క వెడల్పు దిగువ భాగంలో 230 మి.మీ. ఆరు శాతం చెమ్మ పోతే రెండున్నర మిల్లీమీటర్ల పైన తగ్గాలి. కానీ అది చుట్టూ పక్క చెక్కలకు, అడ్డంగా బ్రేసులకు అతుక్కుని ఉంది, తగ్గడానికి చోటు లేదు. ముందు, చేసేటప్పుడు దానికి ఇచ్చిన కొద్దిపాటి ఉబ్బు పోయి చదునవుతుంది, ఆ తర్వాత చీలుతుంది.

అందుకే పెట్టె మూసే ముందు వెనక చెక్కను, పై చెక్కను బ్రేసులతో సహా 42 శాతం తేమ ఉన్న గదిలో పది రోజులు ఉంచాం. రోజూ తూచి, వరుసగా మూడు రోజులు బరువు మారకపోతేనే జిగురు పెట్టాం. ఇలా చేస్తే ఎండాకాలంలో ఆ చెక్క కుంచించుకోవాలనుకునేది రెండున్నర కాదు, ఒక మిల్లీమీటరు లోపే. వెనక చెక్కకు ఇచ్చిన ఉబ్బు కొంత దిగి ఆ బిగువును భరించగలదు. పొడి ఊళ్ళో ఉండేవారు చేయించుకునేటప్పుడు తయారీదారుని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: "పెట్టె ఎంత తేమ దగ్గర మూస్తారు?" అంకె చెప్పలేనివారి దగ్గర ఆర్డరు పెట్టకండి.

గడువు లెక్క

పెట్టె మూసి, అంచులకు బైండింగ్ పట్టీలు వేసి, మెడ బిగించాక వేసుకున్న అంచనా ఇది. చిత్రిక, ఉప్పు కాగితం పని, చెక్క రంధ్రాలు నింపడం ఒక వారం. లక్కర్ కొట్టడం ఒక వారం. అది ఆరడం మూడు వారాలు. నునుపు తీసి, మెరుగు పెట్టి, బ్రిడ్జి అతికించడం ఒక వారం. ఫ్రెట్లు, నట్, తొలి తీగలు ఒక వారం. తీగలు కుదురుకోవడం, చివరి సర్దుబాట్లు ఒక వారం. మొత్తం ఎనిమిది.

ఆర్డరు ఇచ్చినవారికి మాత్రం తేదీ ఇవ్వలేదు. దశ పేరు, ఆ దశ దాటడానికి పాసవ్వాల్సిన పరీక్ష, ఈ రెండూ రాసి ఇచ్చాం. "లక్కర్ వాసన పోయి, గోరు గుర్తు పడకపోతే మెరుగు పని మొదలవుతుంది" అని రాస్తే, మూడు వారాలు నాలుగైనా ఎందుకైందో వారికే అర్థమవుతుంది. "ఫలానా తేదీకి ఇస్తాం" అని రాస్తే ఆ తేదీని అందుకోవడానికి చెక్కకు అన్యాయం చేయాల్సి వస్తుంది.

రంధ్రాలు నింపడం: పదకొండు రోజులు పోయిన చోటు

కోఆ రంధ్రాలు పెద్దవి, కంటికి సన్నని గీతల్లా కనిపిస్తాయి. వాటిని నింపకుండా లక్కర్ కొడితే ఆరుతున్నకొద్దీ లక్కర్ ఆ గీతల్లోకి దిగిపోయి, అద్దంలా ఉండాల్సిన ఉపరితలం నారింజ తొక్కలా తేలుతుంది. మేము వాడేది పల్చని ఎపాక్సీ. 220 నంబరు ఉప్పు కాగితంతో చెక్క సిద్ధం చేసి, పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో ఎపాక్సీని రంధ్రాల్లోకి ఒత్తి గీకేయాలి. ఒక రోజు ఆరాక చెక్క కనబడేదాకా రుద్ది, మళ్ళీ రెండో పూత. అదీ ఆరాక 320తో రుద్దాలి. పైన ఎపాక్సీ పొర మిగలకూడదు, రంధ్రాల్లో మాత్రమే ఉండాలి.

ఈ వాయిద్యానికి వాడిన కోఆ బాగా అలలు తేలిన చెక్క. అందం అంతా ఆ అలల్లోనే ఉంది, ఇబ్బందీ అక్కడే. అలలున్న చోట చెక్క నార పైకీ కిందికీ వంపులు తిరుగుతుంది. అల వాలులో నార చివర్లు పైకి తేలి, ఎపాక్సీని గుటకలు వేసినట్టు తాగేస్తాయి. వెనక చెక్క దిగువన, ఎడమ వైపు, అరచేయంత మేర రెండో పూత తర్వాత రుద్దడం కాస్త ఎక్కువైంది. ఎపాక్సీతో పాటు చెక్క కూడా పోయి, కొత్త రంధ్రాలు తెరుచుకున్నాయి. పొడిగా ఉన్నప్పుడు కంటికి ఏమీ తెలియలేదు.

అది తెలిసింది లక్కర్ ఆరుతున్న పన్నెండో రోజున. గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక టార్చిని చెక్క పక్కన బల్ల ఎత్తులో పెట్టి వెలుగును ఏటవాలుగా పరిచినప్పుడు, మిగతా అంతా నిండు చెరువులా ఉంటే ఆ అరచేయి మేర మాత్రం సన్నని గాట్ల నీడలు కనిపించాయి.

అలాంటప్పుడు రెండు దారులున్నాయి. గాట్లు పోయేదాకా లక్కర్‌నే రుద్దేయడం ఒకటి. చుట్టూ ఉన్న పూత పల్చబడి, రేపు మెరుగు పెట్టేటప్పుడు చెక్క బయటపడుతుంది. ఇంకొకటి, 800తో మొత్తం వెనక చెక్కను సమంగా రుద్ది, గాట్లలోకి సన్నని కుంచెతో చుక్కలుగా లక్కర్ నింపి, పైన ఇంకో మూడు పూతలు కొట్టి, ఆరుదల మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం. రెండోదే చేశాం. నైట్రో లక్కర్‌లో మేలు ఏమిటంటే కొత్త పూతలోని థిన్నర్ పాత పూతను కరిగించి, రెండూ ఒకటే పొరగా కలిసిపోతాయి, అతుకు గీత కనబడదు. ఖర్చు పదకొండు రోజులు.

దీన్ని ముందే పట్టే పరీక్ష చాలా తేలిక. ఆఖరిసారి రుద్దాక, నాఫ్తా (త్వరగా ఆవిరయ్యే పెట్రోలు లాంటి ద్రవం) తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడవాలి. నిండిన చోట చెక్క ఒకే రంగులో తడుస్తుంది. తెరుచుకున్న రంధ్రాలున్న చోట సూదిమొనల్లా నల్లచుక్కలు కనబడి, నాఫ్తా ఆవిరయ్యేదాకా నిలుస్తాయి. పైచెక్క మీద ఈ పరీక్ష చేశాం, వెనక మీద చేయలేదు. అదే అసలు కారణం. ఇప్పుడు నాలుగు వైపులా చేయకుండా స్ప్రే గదిలోకి తీసుకెళ్ళం.

లక్కర్

లక్కర్, థిన్నర్ సగం సగం. రోజుకు మూడు పూతలు, పూతకూ పూతకూ రెండు గంటల ఎడం, మూడు రోజుల్లో తొమ్మిది పూతలు. ప్రతి ఉదయం 400తో లేతగా రుద్ది దుమ్ము తీయడం. స్ప్రే గది తేమ 55 దాటితే ఆ రోజు కొట్టం. గాలిలో తేమ ఎక్కువైతే థిన్నర్ ఆవిరయ్యే చలువకు నీరు పూతలో చిక్కి, పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. మన కోస్తా ఊళ్ళలో నైట్రో కొట్టేవారికి ఇది బాగా తెలిసిన తలనొప్పి. మెల్లగా ఆవిరయ్యే రిటార్డర్ కొద్దిగా కలిపితే చాలావరకు పోతుంది, కానీ ఆరడం ఆలస్యమవుతుంది.

చివరకు మిగలాల్సిన మందం 0.12 మి.మీ. దగ్గర. మందం పెరిగితే మెరుపు వస్తుంది గానీ పై చెక్క బరువెక్కి గొంతు మూగబోతుంది. టెనార్ పై చెక్క చిన్నది, దాని మీద అనవసరమైన ఒక్కో గ్రాము వినబడుతుంది.

ఆరిందో లేదో తేల్చేవి రెండు పరీక్షలు. వాయిద్యంతో పాటే అదే చెక్క ముక్క మీద అవే పూతలు కొట్టి పక్కన పెడతాం. ఆ ముక్క మీద గోరుతో గట్టిగా నొక్కితే గుర్తు పడకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన దాదాపుగా ఉండకూడదు. వాసన వస్తోందంటే ఇంకా ఏదో బయటికి పోతోంది, పోయేకొద్దీ పూత కుంచించుకుంటూనే ఉంటుంది. ఈలోగా మెరుగు పెడితే ఆ రోజుకు అద్దంలా ఉంటుంది, నెల తిరిగేసరికి రంధ్రాల గీతలు మళ్ళీ తేలతాయి.

నునుపు తీయడం 800తో మొదలుపెట్టి 1000, 1200, 1500, 2000 దాకా. రబ్బరు దిమ్మకు కాగితం చుట్టి, రెండు చుక్కల సబ్బు వేసిన నీటితో. అంచులకు 5 మి.మీ. దూరంలో దిమ్మ ఆపేసి, అంచులను చివర్లో 1500తో వేలితో మాత్రమే రుద్దాలి. పూత తెగి చెక్క బయటపడేది ఎప్పుడూ అంచులోనే, నడుము వంపులోనే, మెడ పెట్టెను కలిసే మడమ దగ్గరే. సౌండ్ హోల్ అంచుకు, పెగ్గుల రంధ్రాలకు నీరు తగలకూడదు. పూత లేని నార చివర నీరు తాగి ఉబ్బి లక్కర్‌ను పైకి లేపుతుంది.

బ్రిడ్జి

నాలుగు తీగలూ శ్రుతిలోకి వచ్చాక మొత్తం లాగుడు 20 కిలోలు దాటుతుంది. ఆ భారమంతా మోసేది 90 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పున్న ఒక చెక్క ముక్క, దాని కింద జిగురు. అది పట్టేది చెక్కను. లక్కర్‌ను కాదు.

అందుకే లక్కర్ కొట్టే ముందే బ్రిడ్జి చోటును కొలిచి, బ్రిడ్జి కన్నా చుట్టూ అర మిల్లీమీటరు చిన్నగా టేపు అంటించాం. మెరుగు పని అయ్యాక టేపు తీసి, ఆ అర మిల్లీమీటరు లక్కర్‌ను పదునైన ఉలితో గీకేయాలి. బ్లేడుతో చుట్టూ గీత గీసేటప్పుడు లక్కర్ తెగితే చాలు. చెక్కలోకి దిగితే సరిగ్గా అక్కడే రేపు చీలిక మొదలవుతుంది.

చోటు కొలవడంలో ఒక మాట. 432 స్కేలుకు శాడిల్‌ను 432 దగ్గర పెట్టకూడదు. వేలితో నొక్కినప్పుడు తీగ బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది కాబట్టి శాడిల్ ముందంచును 434 దగ్గర పెట్టాం. రెండు వైపులా బయటి తీగల చోట సన్న దారాలు లాగి, ఫ్రెట్ బోర్డు అంచుల నుంచి దూరం రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూశాకే చోటు ఖాయం.

ఇరుగుడు నూనె ఉన్న చెక్క. కోసి రెండు రోజులుంచితే నూనె పైకి తేలి జిగురును పట్టనివ్వదు. బ్రిడ్జి అడుగును అప్పటికప్పుడు ఒకసారి గీకి, అసిటోన్‌తో తుడిచి, ఆరగానే పావుగంటలోపు అతికించాలి. వాడింది వజ్రం, అదే మన వడ్రంగుల పాత వేడి జిగురు. 60 డిగ్రీల దగ్గర ఉంచి, బ్రిడ్జిని కూడా వెచ్చబెట్టి, పూసిన అర నిమిషంలోపు క్లాంపులు బిగించాలి. చల్లబడితే జెల్లీ కట్టి పట్టు పోతుంది. వజ్రంలో ఒక గుణం ఉంది: ఎండాక సాగదు, నెమ్మదిగా జారదు. ఇరవై ఏళ్ళ తర్వాత బ్రిడ్జి తీయాల్సి వస్తే వేడి, చెమ్మ తగిలిస్తే శుభ్రంగా వదిలేస్తుంది. 24 గంటలు క్లాంపుల్లో ఉంచి, తీశాక చుట్టూ పల్చని కాగితం అంచు దూరుతుందేమో చూశాం. ఎక్కడా దూరలేదు. దూరి ఉంటే తీగలు వేసేవాళ్ళం కాదు, తీసి మళ్ళీ అతికించేవాళ్ళం.

ఫ్రెట్లు, నట్

పొడి ఊరికి వెళ్ళే వాయిద్యంలో అందరికన్నా ముందు ఫిర్యాదు చేసేవి ఫ్రెట్ల చివర్లు. ఫ్రెట్ బోర్డు చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు. దాంతో చివర్లు రెండు పక్కలా ముళ్ళలా పొడుచుకొస్తాయి. దీనికి విరుగుడుగా, చెక్క గాడిలోకి దిగే ఫ్రెట్ కాలును రెండు పక్కలా ఒక మిల్లీమీటరు లోపలికి కత్తిరించి, గాడి చివర్లను ఇరుగుడు పొడి, జిగురుతో మూసేశాం. ఫ్రెట్ పైకి కనబడే భాగాన్ని అంచు నుంచి కొంచెం వెనక్కి ఏటవాలుగా ఆకురాయితో తీశాం. చెక్క పావు మిల్లీమీటరు తగ్గినా వేలికి తగలదు.

మార్కర్ పూసి, చదునైన ఉక్కు కడ్డీకి 400 కాగితం అంటించి లెవెల్ చూస్తే 14 నుంచి 17 దాకా ఫ్రెట్లు మిగతావాటి కన్నా సుమారు 0.08 మి.మీ. ఎత్తుగా ఉన్నాయి. మెడ పెట్టెను కలిసే చోట ఇది మామూలే. బోర్డు కొన పై చెక్కకు అతుక్కుని ఉంటుంది, పై చెక్క కాస్త లేస్తే కొన కూడా లేస్తుంది. వాటిని మిగతావాటి స్థాయికి కాదు, వెంట్రుకవాసి కిందికే తీశాం. రేపు వానాకాలంలో పై చెక్క ఉబ్బినా బుస్సుమనకుండా ఉండాలని.

నట్‌లో తీగలు కూర్చునే గాడులకు కొలత చెప్పే పద్ధతి ఒక్కటే నమ్మదగింది. తీగను 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి, 1వ ఫ్రెట్ మీద తీగకూ లోహానికీ మధ్య సందు చూడాలి. మామూలు కాగితం ఒకటి దూరేంత, అంటే 0.1 మి.మీ. ఉంటే చాలు. అంతకన్నా ఎత్తుంటే మొదటి మూడు ఫ్రెట్లలో కార్డులన్నీ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) శ్రుతి తప్పి పైకి పోతాయి. చాలామంది దీన్ని బ్రిడ్జి తప్పనుకుని శాడిల్‌ను గీకుతారు. నట్ సరిచేయకుండా శాడిల్ ముట్టుకోకూడదు.

తీగలు వేశాక

ఫ్లోరోకార్బన్ తీగలు, జి-సి-ఇ-ఏ (G-C-E-A) శ్రుతి. ఏ (A) 440 హెర్ట్జ్. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు మొదటి రోజు 2.3 మి.మీ. మూడో రోజు 2.5. ఏడో రోజు 2.6, ఆ తర్వాత కదల్లేదు. ఇది లోపం కాదు. 20 కిలోల లాగుడుకు బ్రిడ్జి కాస్త ముందుకు వాలి, దాని వెనక పై చెక్క కొంచెం ఉబ్బి, పెట్టె తన బరువును తాను సర్దుకుంటోంది. మొదటి రోజే శాడిల్‌ను ఆఖరి కొలతకు గీకేసి పంపితే, చేతికి అందేసరికి అది 2.9 దగ్గర ఉంటుంది. "కొత్తదే, కానీ నొక్కడం కష్టంగా ఉంది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ తొందరవల్లే వస్తాయి.

ఏడో రోజు శ్రుతి పరీక్ష. ప్రతి తీగకూ 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ స్వరాన్ని (నొక్కకుండా తాకి మీటితే వచ్చేది), నొక్కిన స్వరాన్ని ట్యూనర్‌లో పోల్చాలి. సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య తేడాలో నూరో వంతు. ఏ (A) తీగ 2 సెంట్లు, ఇ తీగ 1, జి 2, సి మాత్రం 6 సెంట్లు పైకి. లావు తీగ బిరుసుగా ఉంటుంది కాబట్టి సి ఎప్పుడూ ముందుంటుంది. వీణలో అయితే మేళం కట్టేటప్పుడు మైనం వెచ్చబెట్టి మెట్టును కావలసిన చోటికి జరుపుకోవచ్చు. ఇక్కడ ఫ్రెట్లు గాడిలో దిగిపోయి ఉన్నాయి, జరిపే వీలున్నది శాడిల్ మీది ఆనుడు బిందువు ఒక్కటే. ఈ స్కేలులో ఆనుడు బిందువు ఒక మిల్లీమీటరు వెనక్కి జరిగితే 12వ ఫ్రెట్ దగ్గర తేడా 4 సెంట్లు తగ్గుతుంది. 6 సెంట్లకు ఒకటిన్నర మిల్లీమీటర్లు. మూడు మి.మీ. మందమున్న ఎముకలో ఆ మాత్రం చోటు ఉంది, సన్న ఆకురాయితో సి తీగ కింద అంచును వెనక్కి వాలుగా తీశాం. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే ఎముకను గీకే ముందు తీగ మార్చి చూడాలి. ఒక్కోసారి తీగే ఎగుడుదిగుడుగా వస్తుంది.

సరిగ్గా ఇక్కడే ఇంకో నాలుగు రోజులు కలిశాయి. ఎదురుచూస్తున్నవారు ఈలోగా పాటలు సాధన చేస్తూ, తమకు మామూలు జి కాదు, ఒక స్థాయి కింద ఉండే లో-జి కావాలని తేల్చుకున్నారు. అడిగింది మంచిదే, ఒంటరిగా స్వరాలు వాయించేవారికి ఆ కింది అయిదు స్వరాలు బాగా ఉపయోగపడతాయి. నట్‌లో జి గాడిని 0.57 నుంచి 0.91 మి.మీ. తీగకు వెడల్పు చేయడం పది నిమిషాల పని. కానీ లావు తీగకు ఆనుడు బిందువు వేరు, లాగుడు తక్కువ కాబట్టి అది వెడల్పుగా ఊగుతుంది. ఆ వైపు ఎత్తును 2.7కు పెంచి, తీగ సాగి కుదురుకునేదాకా మళ్ళీ ఆగాల్సి వచ్చింది. ఇదే కోరిక తిరగేసి వచ్చి ఉంటే, అంటే లో-జి నుంచి మామూలు జికి, వెడల్పైన గాడిని తిరిగి ఇరుకు చేసే వీలు లేదు, కొత్త నట్ చేయాల్సిందే.

కాబట్టి చేయించుకునేవారు ఏది ఎప్పటిలోగా తేల్చుకోవాలంటే: నట్ వెడల్పు, ఎడమచేతివాటం మెడ చెక్కక ముందే. పట్టీ బొత్తం కావాలా వద్దా అన్నది పెట్టె మూయకముందు, దాని వెనక లోపల గట్టి దిమ్మ ఉండాలి. శాడిల్ కింద పికప్ (శబ్దాన్ని స్పీకరుకు పంపే పరికరం) కావాలంటే బ్రిడ్జి అతికించక ముందు. లో-జి సంగతి నట్ చెక్కే వారానికి ముందు. పెగ్గుల రంగు, స్ట్రాపు ఆఖరి రోజున చెప్పినా పర్లేదు.

పొడి గదిలో మూడు రోజులు

పంపే ముందు వాయిద్యాన్ని 35 శాతం తేమ ఉన్న మూసిన అరలో మూడు రోజులు ఉంచాం. హైదరాబాద్ ఏప్రిల్ ఎలా ఉంటుందో దానికి ఇక్కడే రుచి చూపించడం. ఏ (A) తీగ వైపు ఎత్తు 2.6 నుంచి 2.4కు దిగింది, చెక్క ఎండి పై చెక్క కాస్త కిందికి దిగినందువల్ల. ఫ్రెట్ చివర్లు వేలికి తగల్లేదు. వెనక చెక్క మీద అడ్డంగా స్కేలు పెడితే ఉబ్బు తగ్గింది గానీ పోలేదు. 2.4 దగ్గర గట్టిగా మీటితే ఇ తీగ 5వ ఫ్రెట్ నుంచి కాస్త బుస్సుమంది.

దీనికి మందు రెండో శాడిల్. 12వ ఫ్రెట్ దగ్గర 0.2 పెరగాలంటే శాడిల్ దానికి రెట్టింపు, 0.4 మి.మీ. ఎత్తుండాలి. అదే వాలులతో ఇంకో ఎముక ముక్క చెక్కి, అడుగున పెన్సిలుతో "ఎండాకాలం" అని రాసి జత చేశాం. తీగలు వదులు చేసి, పాతది లాగి, కొత్తది పెట్టడం అయిదు నిమిషాల పని, జిగురు అక్కర్లేదు.

ప్రయాణం

ఇండియన్ రోజ్‌వుడ్ పేరు వినగానే కాగితాల బెంగ పడతారు. 2017 జనవరి నుంచి ఈ జాతి చెక్క మీద సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు తప్పనిసరి అయిన మాట నిజమే. 2019 నవంబరు 26 నుంచి పూర్తయిన సంగీత వాయిద్యాలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కోఆ ఆ జాబితాలో లేదు. కస్టమ్స్ సుంకం సంగతి వేరు, అది తీసుకునేవారు ముందే కనుక్కుని డబ్బు పక్కన పెట్టుకోవాలి.

తీగలను రెండు స్వరాలు దించి, తలభాగం కింద, మెడ మడమ కింద మెత్త పెట్టి, గట్టి కేసులో పడుకోబెట్టాం. ప్రయాణంలో వాయిద్యం విరిగితే సాధారణంగా తల దగ్గరే విరుగుతుంది, కేసు తలకిందులుగా పడ్డప్పుడు తల ఊగి మెడ కొసన చీలుతుంది. అందుకే తలకు పైనా కిందా రెండు వైపులా ఖాళీ లేకుండా నింపాలి. కేసులో తేమను 49 శాతం దగ్గర నిలిపే ఒక ప్యాకెట్. ఆరు వారాల ముందే చిన్న తేమ మీటరు కొని, వాయిద్యం పెట్టబోయే గదిలో రోజూ రెండు పూటలా అంకె రాసుకోమని చెప్పాం. ఎదురుచూపు రోజుల్లో చేయగలిగిన అన్నిటికన్నా ఉపయోగమైన పని ఇదే. ఆ అంకెలు చూసే ఏ గోడకు పెట్టాలో, ఏసీ గాలి తగిలే చోటు ఏదో తేల్చుకున్నారు.

పార్సిల్ అందాక కేసును ఒక రోజంతా తెరవకుండా గదిలో ఉంచాలి. విమానంలో చల్లబడిన చెక్కకూ లక్కర్‌కూ ఒక్కసారిగా వేడి తగిలితే పూత సన్న గీతలుగా పగులుతుంది. తెరిచాక తీగలను ఒకేసారి శ్రుతికి లాగకుండా, సగం దాకా బిగించి గంట ఆగి, తర్వాత పూర్తిగా.

కేసు తెరిచిన రోజు గదిలో తేమ 51. 12వ ఫ్రెట్ దగ్గర జి వైపు 2.7, ఏ వైపు 2.6. సి తీగ ట్యూనర్‌లో ముల్లు మధ్యలోనే నిలిచింది. ఎండాకాలం శాడిల్ కేసు జేబులో, చిన్న కవరులో ఉంది. గదిలో మీటరు వరుసగా మూడు రోజులు 38 కిందికి దిగితే దాన్ని తీయాలి.